బీఎల్31లో ఎస్‌వీఈ, రాస్ ఆన్ చేసినప్పటి నుంచి బోర్డు లేవడం లేదు

#1 హంద్రీ_బిట్
మూడు వారాల నుంచి ఒకే బోర్డుతో కుస్తీ. ఆఫీసు బెంగళూరులో, నేను కర్నూల్లో ఇంటి నుంచే పని చేస్తున్నా, బోర్డు మా మేడ మీద గదిలో ఉంది. 8 కోర్ల ఆర్మ్ వీ9 చిప్. చిప్ వాళ్లు ఇచ్చిన టీఎఫ్-ఏ (ఆర్మ్ చిప్పుల ఓపెన్ సోర్స్ బూట్ ఫర్మ్‌వేర్) ఫోర్క్ బాగా పాతది. అందులో ఎస్‌వీఈ (వెక్టర్ లెక్కల ఇన్‌స్ట్రక్షన్లు) లేదు, రాస్ (హార్డ్‌వేర్ ఎర్రర్లను పట్టుకుని రికార్డు చేసే ఏర్పాటు) లేదు. కస్టమర్‌కి రెండూ కావాలట. రాసేది నేనొక్కడినే.

ఒకటో బాధ: బీఎల్31 (టీఎఫ్-ఏలో ఈఎల్3 అనే అన్నిటికన్నా పై అధికార స్థాయిలో నడిచే భాగం) ప్లాట్‌ఫామ్ సెటప్ ఫంక్షన్‌లో సీపీటీఆర్_ఈఎల్3కి ఎస్‌వీఈని అనుమతించే ఈజెడ్ బిట్ పెట్టా, జెడ్‌సీఆర్_ఈఎల్3లో లెంగ్త్ ఫీల్డ్‌ని గరిష్ఠం చేశా. వెండర్ కెర్నల్లో ఎస్‌వీఈ కోడ్ ఎత్తేసి ఉంటే తిరిగి పెట్టుకున్నా. యూ-బూట్ వస్తుంది, కెర్నల్ మొదలవుతుంది, సెకండరీ కోర్లు లేపే చోట బీఎల్31 క్రాష్ డంప్ పడుతుంది. ఎక్సెప్షన్ ఎందుకొచ్చిందో చెప్పే ఈఎస్ఆర్_ఈఎల్3 రిజిస్టర్ హెక్స్‌లో 66000000.

రెండో బాధ: ఎస్‌వీఈని పక్కన పెట్టి, పాత కెర్నల్‌తోనే, నాన్-సెక్యూర్ వైపు (మామూలు కెర్నల్ నడిచే వైపు) ఎక్స్‌టర్నల్ అబార్టులన్నీ, అంటే మెమరీ, బస్ నుంచి వచ్చే ఎర్రర్లన్నీ, ముందు ఈఎల్3కే వచ్చేలా బిల్డ్ చేశా. పొద్దున బ్రహ్మాండంగా నడుస్తుంది. మధ్యాహ్నం 1 దాటితే రీబూట్. సాయంత్రం దాకా నాలుగైదు సార్లు. ఈఎస్ఆర్_ఈఎల్3లో బీఈ000011. పాత ఫర్మ్‌వేర్ పెడితే ఇదే బోర్డు రోజంతా కదలకుండా నడుస్తుంది. మేనేజర్ అడిగేది ఒకటే, "నువ్వు కలిపినాకే కదా చెడింది?"

#2 బుడ్డలబస్తా
మే నెల్లో కర్నూలు మేడ గదిలో మధ్యాహ్నం మనిషే నిలవడు, నీ బోర్డు నిలవాలా సామీ?

#3 ఉగ్గాని64
మొదటిది తేలిక. ఈఎస్ఆర్‌లో పై 6 బిట్లు ఎక్సెప్షన్ క్లాస్. నీ విలువను విప్పితే హెక్స్ 19 వస్తుంది, అంటే ఎస్‌వీఈ ట్రాప్, అనుమతి లేని ఎస్‌వీఈ పని పైకి వచ్చి పడింది. ఎక్సెప్షన్ పడ్డ చోటి అడ్రస్ ఉండే ఈఎల్ఆర్_ఈఎల్3 కూడా చూడు, కెర్నల్ మొదట్లో ఉండే ఈఎల్2 సెటప్ కోడ్‌లోకి చూపిస్తూ ఉంటుంది. కెర్నల్ ఐడీ రిజిస్టర్ చదివింది, చిప్ "నా దగ్గర ఎస్‌వీఈ ఉంది" అంది, కెర్నల్ నమ్మి జెడ్‌సీఆర్_ఈఎల్2 రాయబోయింది. పైన ఈఎల్3 తలుపు గడియ వేసి ఉంది.

గడియ ఎందుకుందంటే, నువ్వు బిట్ పెట్టిన ఫంక్షన్ కోల్డ్ బూట్‌లో బూట్ కోర్ మీద ఒక్కసారే నడుస్తుంది. మిగతా ఏడు కోర్లు పీఎస్‌సీఐ సీపీయూ_ఆన్ (కోర్‌ను లేపమని కెర్నల్ ఫర్మ్‌వేర్‌ను అడిగే పిలుపు) దారిలో లేస్తాయి, అవి ఆ ఫంక్షన్ మొహమే చూడవు. పెద్దోడికి టీకా వేయించి ఇంట్లో ఎనిమిది మందికీ వేయించానని రాసుకున్నట్టుంది నీ పని.

ఏడింటికీ తీసుకెళ్లి అతికించడం మందు కాదు. నేను ఇంతకు ముందు అదే చేసి ఇంకో గోతిలో పడ్డా. కోర్ పవర్ డౌన్ అయి మళ్లీ లేస్తే రిజిస్టర్ మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి రిజిస్టర్‌ను నేరుగా రాయొద్దు. నాన్-సెక్యూర్ ప్రపంచం కాంటెక్స్ట్‌లో (దానికోసం ఈఎల్3 దాచి ఉంచే రిజిస్టర్ విలువల్లో) ఆ విలువ పెట్టు, ఈఎల్3 నుంచి కిందికి దిగే ప్రతిసారీ అదే రిజిస్టర్‌లోకి వస్తుంది. కొత్త టీఎఫ్-ఏ చేసేది ఇదే. అక్కడ నీలాగా నేరుగా రాస్తే బూట్ కోర్ మీద కూడా నిలవదు, దిగేటప్పుడు కాంటెక్స్ట్‌లోని పాత విలువ దాన్ని తుడిచేస్తుంది.

#4 సెమ్6_పిల్లోడు
అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఈఎల్3, ఈఎల్2 అంటే ఏంటో ఎవరైనా మామూలు భాషలో చెప్తారా? పుస్తకంలో నాలుగు పెట్టెల బొమ్మ వేసి వదిలేశారు.

#5 బుడ్డలబస్తా
ఈఎల్0 అర్జీదారు. ఈఎల్1 తహసీల్దారు, అంటే కెర్నల్. ఈఎల్2 ఆర్డీవో, అంటే హైపర్‌వైజర్. ఈఎల్3 కలెక్టరు, అంటే మనోడు కెలుకుతున్న ఫర్మ్‌వేర్. కలెక్టరు "ఈ పని తహసీల్దారు చేసుకోవచ్చు" అని సంతకం పెట్టకపోతే ఫైలు పైకి పోతుంది. పైన ఆ ఫైలు చూసే గుమస్తా లేకపోతే ఆఫీసే మూతబడుతుంది. హంద్రీ పడ్డ క్రాష్ అదే.

#6 సెమ్6_పిల్లోడు
ఇప్పుడర్థమైంది అన్నా. మా సార్ కంటే బాగా చెప్పావు.

#7 బుడ్డలబస్తా
మీ సార్‌కి చెప్పొద్దు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి.

#8 రాత్రిబిల్డ్
రెండో దానికి వస్తా. నేను సర్వర్ ఫర్మ్‌వేర్‌లో రాస్ పనే చేస్తా, కాబట్టి కాస్త పొడుగు అవుతుంది.

బీఈ000011లో క్లాస్ హెక్స్ 2ఎఫ్, అది ఎస్‌ఎరర్, అంటే తప్పు జరిగాక ఆలస్యంగా వచ్చి పడే హార్డ్‌వేర్ ఎర్రర్. చివర 11 ఉంది కాబట్టి ఎర్రర్ ఎంత తీవ్రమో చెప్పే ఏఈటీ ఫీల్డ్ చదవొచ్చు, అది బిట్ 12 నుంచి 10 దాకా. నీకు అక్కడ మూడూ సున్నాలే, అంటే "అన్‌కంటెయినబుల్". చెడిన డేటా ఎక్కడిదాకా పాకిందో చెప్పలేనని కోర్ చేతులెత్తేసింది. అదే బీఈ000సీ11 అయి ఉంటే రికవరబుల్, ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి బతకొచ్చు.

పాత ఫర్మ్‌వేర్‌తో నడుస్తోంది, కొత్తదానితో చస్తోంది అంటే కొత్తది చెడ్డదని అర్థం కాదు. ఎస్‌సీఆర్_ఈఎల్3లో ఈఏ బిట్ పెట్టకముందు ఆ ఎస్‌ఎరర్ కెర్నల్‌కి పోయేది. ఇప్పుడు నీకొస్తోంది. ఇంకో మాట, ఈఎల్3కి మళ్లించిన ఎస్‌ఎరర్‌ను కింది లెవెల్లో ఎస్‌ఎరర్లను మూసే పీస్టేట్ "ఏ" మాస్క్ బిట్ ఆపలేదు. కెర్నల్ మూసుకున్నా సరే, అది పైకి వచ్చి తీరుతుంది. నీ ప్లాట్‌ఫామ్‌లో ఈఏ (ఎక్స్‌టర్నల్ అబార్ట్) హ్యాండ్లర్ రాశావా, లేక డీఫాల్ట్‌దేనా? డీఫాల్ట్ అయితే పానిక్ తప్ప ఏమీ చేయదు.

ముందు చెప్పాల్సింది, ఎర్రర్ రికార్డుల్లో ఏముంది? ఎర్ర్‌ఐడీఆర్ చదివితే రికార్డులు ఎన్నో తెలుస్తుంది. ఎర్ర్‌సెలెక్ట్‌లో ఒక్కొక్క నంబరు పెట్టి ఈఆర్ఎక్స్‌స్టేటస్ చదువు. 30వ బిట్ వీ. అది 1 ఉంటేనే లోపల సరుకుంది. 31వ బిట్ ఏవీ ఉంటేనే అడ్రస్ నమ్మాలి.

#9 హంద్రీ_బిట్
హ్యాండ్లర్ డీఫాల్ట్‌దే అక్కా, దొరికిపోయా. ఇవాళ రాత్రి రికార్డులు డంప్ చేసే కోడ్ రాస్తా.

ఉగ్గాని అన్నా, ఈఎల్ఆర్ నువ్వు చెప్పిన చోటే ఉంది. కాంటెక్స్ట్‌లో పెట్టి బిల్డ్ చేస్తున్నా.

#10 కారందోశ
కడప నుంచి. మధ్యాహ్నం, ఎండ, రీబూట్ అన్న మూడు మాటలు చూడగానే నా గాయం రేగింది.

మా గేట్‌వేలు ఒక సోలార్ ఫీల్డులో రేకుల షెడ్డులో ఉండేవి. ఈసీసీ ఉన్న డీడీఆర్4 మెమరీ. 64 డేటా బిట్లకు 8 చెక్ బిట్లు, ఒక బిట్ చెడితే సరిచేస్తుంది, రెండు చెడితే పట్టుకుంటుంది, అంతే. ఉదయం కరెక్టెడ్ ఎర్రర్లు సున్నా. 12 తర్వాత మొదలై సాయంత్రం 4 దాకా ఎక్కుతూనే ఉండేవి. మెమరీ కంట్రోలర్ రికార్డులో ఎస్‌ఈఆర్‌ఆర్ ఫీల్డ్ 12, అంటే బయటి మెమరీలో డేటా చెడిందని. నెల రోజులు డిమ్ములు (మెమరీ కార్డులు) మారుస్తూ కూర్చున్నాం.

చివరికి తేలిందేంటంటే, డీడీఆర్4 చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా మళ్లీ నింపడం) రెండింతలు వేగంగా చేయాలి, 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి కాదు, 3.9కి ఒకసారి. మా ఫర్మ్‌వేర్ డిమ్ము ఉష్ణోగ్రత చదవనే లేదు. రిఫ్రెష్ ఎప్పుడూ 7.8 మీదే. అది సరిచేశాక ఎర్రర్లు చచ్చిపోయాయి.

కాబట్టి హంద్రీ, నీది కూడా మెమరీయే. పందెం ఒక ప్లేటు కారం దోశ.

#11 జొన్నగిరి_వేట
#10కి కలుపుతున్నా. కరెక్టెడ్ ఎర్రర్ ప్రతిదానికీ ఇంటరప్ట్ పెట్టుకున్నావా, ఎండాకాలంలో కోర్ ఆ పనికే సరిపోతుంది. ఈఆర్ఎక్స్‌మిస్క్0లో కౌంటర్ ఉంటుంది, దాన్ని ఓవర్‌ఫ్లోకి కొంచెం దూరంలో ముందే పెట్టి ఉంచితే అన్ని ఎర్రర్లు పడ్డాకే ఇంటరప్ట్ వస్తుంది.

#12 కారందోశ
అదీ చేశా, దానికి ముందు ఇంకా ఘోరం చేశా. హ్యాండ్లర్ రాశా, స్టేటస్ చదివా, ప్రింట్ చేశా, తిరిగొచ్చా. క్లియర్ చేయడం మర్చిపోయా. ఇంటరప్ట్ లైను అలాగే పైన ఉండిపోయింది, తిరిగి రాగానే మళ్లీ పిలిచింది. సీరియల్ కన్సోల్లో ఒకే లైను, రెండు లక్షల సార్లు. చదివిన విలువనే తిరిగి రాస్తే ఆ బిట్లు క్లియర్ అవుతాయని అప్పుడే నేర్చుకున్నా.

#13 గండికోట_గేట్
నేను కెర్నల్ వైపు మనిషిని, నాకు అసలు ప్రశ్నే వేరు. ఎర్రర్లు ముందు ఈఎల్3కి ఎందుకు పోవాలి? ఏ ప్రాసెస్ ఏ పేజీ వాడుతోందో ఫర్మ్‌వేర్‌కి తెలుసా? తెలియదు. ప్రాసెస్‌కి సిగ్‌బస్ (నీ మెమరీ చెడిందనే సిగ్నల్) పంపగలదా? పేజీని వాడకం నుంచి తీసేయగలదా? లేదు. చేయగలిగిందల్లా పానిక్, లేకపోతే కెర్నల్‌కే చీటీ రాసి పంపడం. మరి నేరుగా కెర్నల్‌కే వదిలేస్తే పోలా? కలెక్టరు దగ్గర అర్జీ పెట్టి, ఆయన తహసీల్దారుకే రాసి, తహసీల్దారు మళ్లీ మనల్నే పిలవడం దేనికి?

ఇంకో సంగతి, ఈఎల్3లో కోడ్ నడిచినంతసేపు ఆ కోర్ మీద కెర్నల్‌కి ఊపిరాడదు. అందులో ఉన్న బగ్‌ను కస్టమర్ సరిచేసుకోలేడు. కెర్నల్ ప్యాచ్ అయితే రాత్రికి రాత్రి వస్తుంది.

#14 రాత్రిబిల్డ్
గండికోట, నీ కెర్నల్ ఉరేసుకుని వేలాడుతుంటే రికార్డు ఎవరు రాస్తారు? ఫర్మ్‌వేర్-ఫస్ట్ పెట్టుకునేది దానికోసం. ఎర్రర్ వివరాలు సీపర్ అనే ప్రామాణిక ఫార్మాట్ రికార్డుగా మెమరీలో పెట్టి, హెస్ట్ టేబుల్లో ముందే చెప్పిన చోటు నుంచి చదువుకోమని కెర్నల్‌కి కబురు పెడతాం. కెర్నల్ ఇంటరప్టులు మూసుకుని ఉన్నా కబురు చేరాలంటే ఎస్‌డీఈఐ (ఫర్మ్‌వేర్ కెర్నల్‌ను నేరుగా పిలిచే దారి) ఉంది. చిప్ చిప్‌కీ మారే మెమరీ కంట్రోలర్ రిజిస్టర్ల గోల కెర్నల్‌కి ఎక్కించక్కర్లేదు. ఒకే డిస్ట్రో కెర్నల్ పది రకాల సర్వర్ల మీద నడవాలంటే ఇంకో దారేముంది?

దెబ్బలు లేవని అనను. మా దగ్గర రెండో తరం గెస్ (ఆ రికార్డులను కెర్నల్‌కి అందించే ఏర్పాటు) వాడాం. దాంట్లో కెర్నల్ "చదివేశా" అని ఒక రిజిస్టర్లో అక్నాలెడ్జ్ చేయాలి, అప్పటిదాకా ఫర్మ్‌వేర్ అదే చోట కొత్త రికార్డు రాయకూడదు. మేం ఆ అడ్రస్ తప్పుగా ఇచ్చాం. మొదటి ఎర్రర్ అందంగా లాగ్‌లో పడింది, టీమంతా చప్పట్లు కొట్టింది. రెండోది ఇవాళ్టికీ పడలేదు. డెమోలో ఒకటే ఎర్రర్ చూపించాం కాబట్టి రెండు నెలలు ఎవరికీ తెలియలేదు.

#15 గండికోట_గేట్
సర్వర్‌కి ఒప్పుకుంటా. కానీ అక్కా, నువ్వు చెప్పిన హెస్ట్, గెస్ అన్నీ ఏసీపీఐ సరుకు, సర్వర్లలో ఫర్మ్‌వేర్ కెర్నల్‌కి హార్డ్‌వేర్ వివరాలు చెప్పే పద్ధతి. హంద్రీ యూ-బూట్ అన్నాడు, అంటే దాదాపుగా డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాలన్నీ ఒక ఫైల్లో రాసి కెర్నల్‌కి ఇచ్చే పద్ధతి) బోర్డు. అక్కడ నీ చీటీ చదివేవాడే లేడు. ఈఎల్3కి లాక్కున్నాడు, కిందికి పంపే దారి లేదు, ఇక పానిక్ కాక ఏం చేస్తాడు?

#16 రాత్రిబిల్డ్
అది నిజం. హంద్రీ, డివైస్ ట్రీయేనా?

#17 హంద్రీ_బిట్
డివైస్ ట్రీయే.

ఎస్‌వీఈ మాత్రం అయిపోయింది! కాంటెక్స్ట్‌లో పెట్టగానే 8 కోర్లూ లేచాయి. సస్పెండ్, రెజ్యూమ్ కూడా పది సార్లు చేశా. ఉగ్గాని అన్నకి ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు బాకీ.

రికార్డుల సంగతి చెప్తా వినండి. నిన్న మధ్యాహ్నం 1:20కి రీబూట్ అయింది. కోర్ రికార్డులు అన్నిట్లో వీ బిట్ సున్నా. మెమరీ కంట్రోలర్ రికార్డు కూడా ఖాళీ. ఎక్కడా ఏమీ లేదు. బోర్డును కింద ఏసీ గదిలో పెట్టి ఇవాళంతా నడిపా, ఒక్క రీబూట్ లేదు. అంటే వేడే కదా? కానీ మెమరీ చెడితే రికార్డు పడాలి కదా?

#18 కారందోశ
రికార్డు ఖాళీ అంటే ఈడీ బిట్ పెట్టలేదేమో. ఈఆర్ఎక్స్‌కంట్రోల్‌లో అది 1 చేయకపోతే నోడ్ ఎర్రర్లు పట్టుకోదు, రాయదు. మెమరీ పందెం ఇంకా నాదే.

#19 జొన్నగిరి_వేట
ఖాళీగా ఉందా, నీ కోడ్ ఖాళీగా చదువుతోందా అన్నది ముందు తేల్చుకో. తొలకరి పడగానే మా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? ముందు ఒక అనుభవస్తుడు నిజమైన రాయి చూపిస్తాడు, అది కంట్లో పెట్టుకుని వెతుకుతారు. నువ్వు కూడా ఒక దొంగ ఎర్రర్ నాటి చూడు. నీ కోర్‌లో ఫాల్ట్ ఇంజెక్షన్ ఉంటే ఈఆర్ఎక్స్‌పీఎఫ్‌జీసీడీఎన్‌లో కౌంట్‌డౌన్ పెట్టు, కంట్రోల్ రిజిస్టర్లో ఏ రకం ఎర్రర్ కావాలో చెప్పు. సున్నాకి రాగానే హార్డ్‌వేర్ తానే ఎర్రర్ పడ్డట్టు నటిస్తుంది. కెర్నల్ నుంచి చేయాలంటే ఎస్‌సీఆర్‌లో ఎఫ్‌ఐఈఎన్ బిట్ కావాలి, ఈఎల్3 నుంచైతే అక్కర్లేదు.

ఒకటి వేసి ఊరుకోవద్దు, రాత్రిబిల్డ్ అక్క కథ విన్నావుగా. వరసగా మూడు వెయ్యి.

#20 సెమ్6_పిల్లోడు
మధ్యలో నా డౌట్. నా దగ్గర చవక రిస్క్-ఫైవ్ బోర్డు ఉంది, సీ906 కోర్. వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ వేస్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటోంది. ఓపెన్‌ఎస్‌బీఐ ఫర్మ్‌వేర్‌లో ఎంస్టేటస్ రిజిస్టర్‌కి 10, 9 బిట్లు పెట్టా. వెక్టర్‌ను ఆన్ చేసే వీఎస్ బిట్లు అవే కదా?

#21 ఉగ్గాని64
స్పెక్‌లో అవే. కానీ నీ కోర్ పుట్టింది వెక్టర్ స్పెక్ 1.0 రాకముందు. అది 0.7.1 మాట్లాడుతుంది. దాంట్లో వీఎస్ ఉండేది 24, 23 బిట్లలో. బిట్లు మార్చినా 1.0 కోసం కంపైల్ చేసిన బైనరీ దాని మీద నడవదు, ఎన్‌కోడింగులు కలవవు. కొత్త బోర్డు కొనే డబ్బుల్లేకపోతే పాత స్పెక్ చదువు, నష్టమేం లేదు.

#22 బుడ్డలబస్తా
మా తాత పొలం పాత సర్వే నంబరుతో ఉంటుంది, కొత్త పాస్‌బుక్‌లో వేరే నంబరు. చేను మాత్రం ఒకటే.

#23 ఉగ్గాని64
హంద్రీ, ఎస్‌వీఈ అయిపోయిందని సంబరపడకు, రెండు చూసుకో.

ఒకటి, బిల్డ్ ఆప్షన్. కొత్త టీఎఫ్-ఏలో ఈ ఫీచర్లకి 0, 1, 2 అని మూడు విలువలు. 1 అంటే "ఉంది, చూడక్కర్లేదు". అదే బైనరీని ఫీచర్ లేని కోర్ మీద పెడితే ఈఎల్3లోనే అన్‌డిఫైన్డ్ పడి చస్తుంది. 2 అంటే నడిచేటప్పుడు ఐడీ రిజిస్టర్ చూసి నిర్ణయించుకుంటుంది. నీ ఫోర్క్‌లోకి తెచ్చుకునేటప్పుడు ఆ చెక్ కూడా తెచ్చుకో.

రెండోది నన్ను ఏడిపించింది. మాది 256 బిట్ల ఎస్‌వీఈ ఉన్న చిప్. మ్యాట్రిక్స్ గుణకారం టెస్టు వెయ్యిలో ఒకసారి తప్పు జవాబు ఇచ్చేది. క్రాష్ లేదు, లాగ్ లేదు. సెక్యూర్ వైపు ఓఎస్ క్రిప్టో కోసం నియాన్ (పాత 128 బిట్ల వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు) వాడుకుని, పోయేముందు నియాన్ రిజిస్టర్లు మర్యాదగా తిరిగి పెట్టి పోయేది. కానీ నియాన్ వాడే వీ రిజిస్టర్‌కి రాస్తే, దాన్ని కింది భాగంగా పెట్టుకున్న ఎస్‌వీఈ జెడ్ రిజిస్టర్లో 128 పైన ఉన్న బిట్లన్నీ సున్నా అయిపోతాయి. అది దాచింది కింది సగం, తుడిచింది పై సగం. సరిగ్గా ఆ క్షణాన ఎస్‌వీఈ లూపులో ఉన్న ప్రాసెస్‌కి లెక్క తప్పేది. 128 బిట్ల చిప్పు మీద ఈ బగ్ కంటికే కనపడదు, పై సగమే లేదు కదా. నీ చిప్పు ఎన్ని బిట్లు?

#24 హంద్రీ_బిట్
128. బతికా. అయినా సెక్యూర్ వైపు కోడ్ చూస్తా, ఎస్‌వీఈ ప్రెడికేట్ రిజిస్టర్ల (వెక్టర్లో ఏ భాగాలు పని చేయాలో చెప్పేవి) సంగతి కూడా ఉంది కదా.

మూడు దొంగ ఎర్రర్లు వేశా. మూడూ రికార్డులో పడ్డాయి, వీ బిట్‌తో సహా. మెమరీ కంట్రోలర్‌కి ఉన్న సొంత టెస్టు రిజిస్టర్‌తో ఒక ఈసీసీ ఎర్రర్ వేశా, అదీ పడింది. అంటే నా కళ్లు బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం రీబూట్‌కి మాత్రం రికార్డు ఖాళీ.

#25 రాత్రిబిల్డ్
అయితే మెమరీ కాదు, క్యాషె కాదు. కారందోశ, దోశకి డబ్బులు తియ్యి.

ఇది బస్ మీద నుంచి వచ్చిన ఎర్రర్ జవాబు అనుకుంటున్నా. కోర్ ఏదో పెరిఫరల్‌కి రాసింది, అవతల ఎవరూ పలకలేదు. డివైస్ మెమరీకి రాసేటప్పుడు కోర్ జవాబు కోసం ఆగదు, మధ్యలో ఇంటర్‌కనెక్టే "అందింది" అనేస్తుంది. అసలు తిరస్కారం తర్వాత ఎప్పుడో వస్తుంది. అప్పటికి కోర్ ఇంకెక్కడో ఉంటుంది. అందుకే ఈఎల్ఆర్‌ను నమ్మొద్దు, అది దొంగ పారిపోయాక వచ్చి నిలబడ్డ మనిషిని చూపిస్తుంది.

క్లాక్ ఆపేసిన బ్లాక్, పవర్ తీసేసిన బ్లాక్, వీటి డ్రైవర్లు చూడు. అనుమానమున్న డ్రైవర్లో ఐఓరీమ్యాప్ (డివైస్ రిజిస్టర్లను కెర్నల్ అడ్రసుల్లోకి తెచ్చే ఫంక్షన్) బదులు ఐఓరీమ్యాప్_ఎన్‌పీ పెడితే మధ్యవాళ్ల జవాబు చెల్లదు, చివరిదాకా పోయి రావాలి. ప్రతి రైట్ తర్వాత డీఎస్‌బీ (ముందు రాతలు ముగిసేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్) పెట్టు. అప్పుడు ఎస్‌ఎరర్ దొంగ పక్కనే దొరుకుతుంది.

#26 గండికోట_గేట్
ఈ ఒక్క విషయంలో అక్కతో ఏకీభవిస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇంకోటి చూడు హంద్రీ. పాత ఫర్మ్‌వేర్‌తో ఎస్‌ఎరర్ కెర్నల్‌కి పోయేది కదా. మామూలు కెర్నల్ అయితే దానికి అక్కడికక్కడే పానిక్ కావాలి. నీది కాలేదు. వెండర్ కెర్నల్లో ఎస్‌ఎరర్ హ్యాండ్లర్ ఫైలు తెరిచి చూడు, ఏదో కథ ఉంటుంది.

#27 కారందోశ
పందెం ఓడిపోయానని ఒప్పుకోను. వేడికీ క్లాక్‌కీ ఏం సంబంధం? ఏసీ గదిలో ఎందుకు పడలేదో ఎవరూ చెప్పలేదు.

#28 బుడ్డలబస్తా
ఇది కోర్టులో అయితే వాయిదా పడేది.

#29 హంద్రీ_బిట్
దొరికింది. మొత్తం చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

ముందు గండికోట చెప్పినట్టు వెండర్ కెర్నల్ చూశా. ఎస్‌ఎరర్ వస్తే ఒక డీబగ్ లైను ప్రింట్ చేసి, ఏమీ జరగనట్టు తిరిగి వెళ్లిపోయే ప్యాచ్. ఆ డీబగ్ లెవెల్ మామూలుగా కనపడదు కూడా. కమిట్ మెసేజ్ "బూట్ స్థిరత్వం కోసం". అంటే ఈ ఎర్రర్ మొదటి రోజు నుంచీ ఉంది, కార్పెట్ కింద. నేను ఈఏ బిట్ పెట్టగానే బయటికొచ్చింది.

ఇక దొంగ. అక్క చెప్పినట్టు డ్రైవర్లు ఒక్కొక్కటి ఎన్‌పీ చేసుకుంటూ పోతున్నా, నాలుగు అయ్యాయి, ఏమీ దొరకలేదు. ఇంతలో మా అమ్మ మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి వచ్చి, "ఆ ఫ్యాను చప్పుడు ఆగినాక కాసేపటికి నీ పెట్టె చచ్చిపోతుందిరా, రోజూ చూస్తున్నా" అంది. నేను మూడు వారాలుగా సీరియల్ లాగ్ చూస్తున్నా, ఫ్యాను వైపు చూడలేదు.

ఫ్యాన్ వేగం మార్చే పీడబ్ల్యూఎం డ్రైవర్ తెరిచా. చిప్ చల్లబడితే ఫ్యాన్ వేగం సున్నా చేసి, ఆ బ్లాక్ క్లాక్ కూడా ఆపేస్తుంది. బాగానే ఉంది. మళ్లీ వేడెక్కితే? ముందు డ్యూటీ (ఫ్యాన్ వేగం) రిజిస్టర్ రాసి, ఆ తర్వాత క్లాక్ ఆన్ చేస్తుంది. రెండు లైన్లు తలకిందులు. క్లాక్ లేని బ్లాక్‌కి రాత పోతుంది, బస్ ఎర్రర్, ఎస్‌ఎరర్. పాత కెర్నల్ దాన్ని మింగేసేది, మొదటి రాత గాల్లో కలిసినా తర్వాతి థర్మల్ పోల్‌లో మళ్లీ రాసేది, అప్పటికి క్లాక్ ఉంటుంది కాబట్టి ఫ్యాన్ తిరిగేది. అందుకే ఎవరికీ తెలియలేదు.

కారందోశ అన్నా, వేడి సంబంధం ఇదీ. పొద్దున చిప్ చల్లగా ఉంటుంది, ఫ్యాన్ లేవదు. ఏసీ గదిలోనూ అంతే. మధ్యాహ్నం మేడ గదిలో చిప్ ఆ గీత దాటుతూ, దిగుతూ ఉంటుంది. దాటిన ప్రతిసారీ ఒక ఎస్‌ఎరర్. రీబూట్ అయ్యాక యూ-బూట్ క్లాక్ ఆన్ చేసే వదులుతుంది కాబట్టి కాసేపు బాగుంటుంది, ఫ్యాన్ ఒకసారి ఆగి మళ్లీ లేవబోయేటప్పుడు మళ్లీ అదే.

రెండు లైన్లు మార్చా. నిన్నా మొన్నా మేడ మీద రోజంతా నడిచింది, ఒక్కసారీ పడలేదు.

#30 కారందోశ
వేడి అన్నా కదా? వేడే కదా? సగం దోశ నాది.

#31 రాత్రిబిల్డ్
మీ అమ్మగారికి మా టీమ్‌లో ఖాళీ ఉందని చెప్పు.

హ్యాండ్లర్ మాత్రం డీఫాల్ట్‌గా వదిలేయకు. డివైస్ ట్రీ బోర్డు కాబట్టి సీపర్, గెస్ నీకు కుదరవు, సరే. పానిక్ ముందు రికార్డులన్నీ, ఈఎస్ఆర్‌తో సహా, రీసెట్ అయినా చెరగని చిన్న ఎస్‌ర్యామ్ ముక్క ఉంటే అందులో రాయి. తర్వాతి బూట్‌లో యూ-బూట్ దాన్ని చదివి చూపించాలి. ఫీల్డులో సీరియల్ కేబుల్ పట్టుకుని ఎవరూ కూర్చోరు. ఇంకొకటి, ఈఎల్3కి ఎక్కగానే పెండింగ్ ఎస్‌ఎరర్ ఉందేమో ఐఎస్ఆర్ రిజిస్టర్లో "ఏ" బిట్ చూడు. కిందివాడు చేసిన తప్పు నీ ఎస్‌ఎంసీ (కెర్నల్ ఈఎల్3ని పిలిచే పిలుపు) హ్యాండ్లర్ మధ్యలో పేలితే నిందే నీ మీద పడుతుంది.

#32 గండికోట_గేట్
డివైస్ ట్రీ బోర్డుకి నేనైతే ఈఏ బిట్ తీసేసి కెర్నల్‌కే వదిలేస్తా, ఆ మింగుడు ప్యాచ్ పీకేసి.

#33 రాత్రిబిల్డ్
కెర్నల్ వేలాడితే?

#34 గండికోట_గేట్
వాచ్‌డాగ్ ఉంది, వేలాడితే రీసెట్ కొడుతుంది.

#35 రాత్రిబిల్డ్
వాచ్‌డాగ్ ఎందుకు చచ్చావని రాసిపెడుతుందా?

#36 ఉగ్గాని64
మీరిద్దరూ వేరే థ్రెడ్ తెరుచుకోండి, నాకూ అందులో నాలుగు మాటలున్నాయి. హంద్రీ, మేనేజర్ ఏమన్నాడు?

#37 హంద్రీ_బిట్
"సరే, అంటే ఫర్మ్‌వేర్ బగ్ కాదన్నమాట, మరి మూడు వారాలు ఎందుకు పట్టింది?" అన్నాడు.

గండికోటా, నేను ఈఏ బిట్ ఉంచుతున్నా. అక్క చెప్పిన ఎస్‌ర్యామ్ ముక్క 4 కేబీ దొరికింది. మింగుడు ప్యాచ్ మాత్రం పీకేశా. దాని వెనకాల ఇంకా రెండు డ్రైవర్లు దాక్కున్నాయి, ఒకటి డిస్‌ప్లే, ఇంకోటి చెప్తే నవ్వుతారు, వాచ్‌డాగ్.

#38 రాత్రిబిల్డ్
గండికోటా, చదివావా?

#39 బుడ్డలబస్తా
ఇంతకీ ఇప్పుడు ఫ్యాను తిరుగుతోందా?

#40 హంద్రీ_బిట్
లేదు. కరెంటు పోయింది.